వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు

గేట్స్‌హెడ్ కౌన్సిల్ ఆఫీసు మూడో అంతస్తులో
మా గది రేడియేటరు పనిచేయదు.
ఊరంతటికీ వేడి పంచే పథకాన్ని
కోట్లు విప్పకుండానే గీస్తున్నాం.

బల్ల మీద పటం.
ఆసుపత్రి పెద్ద ఎర్ర చుక్క, ఈతకొలను ఇంకొకటి,
కాలేజీ, పదిహేనంతస్తుల ఫ్లాట్లు రెండు.
ఎక్కువ వేడి తాగేవాళ్ళంతా ఎర్రగా ఉబ్బి కనిపిస్తారు.
మామూలు ఇళ్ళు తట్టు పోసినట్టు సన్నని చుక్కలు.
మీటరు గొట్టానికి ఏడాదికెంత వేడి అమ్ముడవుతుందన్నదే
మా శాస్త్రం, మా ధర్మశాస్త్రం కూడా.

వేడి ఎక్కణ్ణుంచంటే, కింద నుంచే.
మూసేసిన బొగ్గు గనుల్లో నిండిన నీళ్ళు
నూట యాభై మీటర్ల లోతున, చీకట్లో,
పదిహేను డిగ్రీల దగ్గర ఊరికే కూర్చున్నాయి.
గోరువెచ్చన కూడా కాదు, ఒంటి మీద పోసుకుంటే తిట్టుకుంటాం.
వాటినుంచి వేడిని పిండి, పోగుచేసి
గొట్టాల్లోకి ఎక్కిస్తాయి పంపులు.
ప్రతి వీధి కిందా రెండు గొట్టాలు, పక్కపక్కనే:
వెళ్ళేది వేడిగా, తిరిగొచ్చేది చల్లగా.
వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడని
మావాళ్ళు అన్నది దీని గురించి కాకపోవచ్చు.
అయినా రిపోర్టులో రాయాలనిపించింది.
రాయలేదు.

రెండో దశ గీత నేనే గీశాను.
రైల్వే వంతెన దాటి, చర్చి పక్కగా వచ్చి
లార్క్ టెర్రస్‌కి నూట నలభై మీటర్ల ముందు
ఆగింది.
పందొమ్మిది ఇళ్ళు. గిట్టుబాటు కాలేదు.

జనాభిప్రాయ సభ చర్చి హాల్లో.
టీ, బిస్కెట్లు, నలభై కుర్చీలు, తొమ్మిది మంది.
నోరా చార్ల్టన్ చేతికర్రతో పటం మీద తట్టింది:
"ఇది మా నాన్న పనిచేసిన పొర.
ఇక్కడే, మా వంటింటి కిందే.
నీళ్ళంటే ఆయనకి హడలు. రాత్రీ పగలూ పంపులు తోడుతూనే ఉండేవి,
ఆగితే మనుషులు మిగలరు.
ఇప్పుడు ఆ నీళ్ళే కావాలా మీకు?
సరే, తీసుకోండి. కానీ
నా కాళ్ళ కింద నుంచి తీసుకుని
నా గుమ్మం దాకా రాకపోవడమేమిటి పిల్లా?"

నా దగ్గర స్లైడు ఉంది. పద్నాలుగోది.
చూడ్డానికి జవాబులాగే ఉంటుంది.
వేయలేదు.

అమ్మమ్మ చెప్పేది, ఇల్లెందులో
అగ్గిపుల్ల దండగని పొద్దున్నే పిడక పట్టుకుని
పక్కింటికెళ్ళి నిప్పు తెచ్చుకునేవాళ్ళట.
ఎవరి పొయ్యి ముందంటుకుంటే ఆ పూటకి అదే వీధి పొయ్యి.
మీటర్లు లేవు, దశలు లేవు.
తగాదా ఉన్న ఇంటికి మాత్రం
నిప్పు పుట్టేది కాదని కూడా ఆవిడే చెప్పింది.
ఆ ముక్క నేను చాలాకాలం మర్చిపోయాను.

సోమవారం ఫైనాన్సులో ఫెన్విక్‌తో మూడు గంటలు.
చివరి మూడు వందల మీటర్లకి
గొట్టం ఒక సైజు పెద్దది వేద్దామన్నాను.
"ఎవరికోసం?" అన్నాడు.
"ఇంకా లెక్కకి రానివాళ్ళకోసం."
కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.
పంపుహౌసు ముందు పెట్టాలనుకున్న ఇత్తడి ఫలకం కొట్టేసి
ఆ డబ్బు ఇటు రాశాడు.
సరిపోదు. ఇంకెక్కడో గీరాలి.

గీత ఆగినచోట, మలుపులో,
ఇప్పుడొక గుర్తుంది, పటం మీద ఆవగింజంత:
పక్కకి తిరిగిన పిల్ల గొట్టం, దానికి వాల్వు, దాని మీద మూత.
మూత అవతల మట్టి.

నోరాకి ఉత్తరం రాశాను.
వేడి వస్తుందని రాయలేదు, మూత సంగతి రాశాను.
ఆమెకి ఎనభై మూడేళ్ళు.
రోడ్డు తవ్వే రోజు చెప్పమంది.
కుర్చీ తనే తెచ్చుకుంటుందట.